మూడో చుక్క

ఒక్కటి కూడా లేదు. పడమటి వైపు చూశాను, మానేరు డ్యాం వైపు చూశాను, పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనక్కి వంగి మరీ చూశాను, ఒక్క చుక్క కూడా లేదు, ఉన్నదల్లా శ్రావణమాసపు మబ్బు, అదీ వాన పడే మబ్బు కాదు, ఊరికే అడ్డం నిలబడే మబ్బు, ఆఫీసులో మన ఫైలు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్న గుమాస్తా లాంటి మబ్బు. టైము ఆరూ నలభై. మూడు చుక్కలు కనబడాలట. ఒకటి చాలదు, రెండు చాలవు, మూడు. మూడూ కంటికి ఆనితేనే వాళ్ళకు శనివారం అయిపోయినట్టు, అప్పటిదాకా పెళ్ళికూతురు ఫోను ముట్టదు, బండి ఎక్కదు, స్విచ్చి నొక్కదు, పొయ్యి వెలిగించదు. పెళ్ళికూతురంటే సియోనా, ఏడో తరగతి నుంచి నా స్నేహితురాలు, యూదుల పిల్ల, సరిగ్గా ఎనిమిది రోజులకు ఆదివారం నాడు బొంబాయి పక్కన ఠాణా ఊళ్ళో దాని పెళ్ళి. ఈ సాయంత్రం మా డాబా మీద దానికి బ్యాచిలరెట్ పార్టీ, అంటే పెళ్ళికి ముందు ఆడపిల్లలం మేమే కూడి, తిని, ఎగిరి, చివర్లో ఏడ్చి పంపించడం. నేను చేస్తా అని ఎగబడి మాటిచ్చింది నేనే. అది వస్తుందో రాదో తెలియక మెడ పట్టేసేలా ఆకాశం చూస్తూ నిలబడ్డదీ నేనే. మహిమా, నీకు ఎందుకే ఇవన్నీ అని ఎవరైనా ముందే ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది, కానీ అలా అనేది నాకు సియోనా ఒక్కతే, దాన్నే కదా నేను నిన్న అనరాని మాట అన్నది.

అది తర్వాత. దాని గురించి ఇప్పుడు ఆలోచించను. మొదట్లో ఈ పార్టీ ఇలా లేదు. డ్యాం అవతల ఒక రిసార్టు, అందులో ఈతకొలను, కాలేజీలో కలిసి చదివిన మా నలుగురికీ, అంటే నాకూ సియోనాకూ స్నిగ్ధకూ రుచితకూ, రెండు గదులు, రాత్రంతా కబుర్లు. శ్రావణం కదా, పెళ్ళిళ్ళు కుప్పలు, రిసార్టు వాళ్ళు ఒకే ఒక్క పూట ఖాళీ ఉందన్నారు, శనివారం మధ్యాహ్నం నుంచి. ఎగిరి గంతేసి ఖాయం చేశాను. సియోనాకు చెప్పాను. మెల్లగా, "శనివారం బండెక్కనే మహీ, చుక్కలు పొడిచినంక అయితే వస్త" అంది. రిసార్టు పోయింది. సరే, మా డాబా ఉంది కదా, బిర్యానీ తెప్పిద్దాం అనుకున్నాను. మాంసంలో పెరుగు కలవకూడదట, పైగా మాంసం వాళ్ళ పద్ధతిలో కోసినదే అయి ఉండాలట, అలా కోసే మనిషి కరీంనగర్ మొత్తంలో లేడు. బిర్యానీ పోయింది. రొయ్యలు అన్నాను, పొలుసు లేనిది నీళ్ళలోంచి ఏదొచ్చినా తినరట, రొయ్యలు పోయాయి. పొడుగు గోళ్ళు అతికించి రంగులు వేసే వినోదను జగిత్యాల నుంచి రమ్మన్నాను, పెళ్ళికి ముందు పిల్ల నీళ్ళలో నిండా మునగాలట, ఒంటికీ నీటికీ మధ్య దారప్పోగు కూడా అడ్డం ఉండకూడదట, గోటి రంగు కూడా అడ్డమేనట, వినోద పోయింది. ఒక్కొక్కటీ ఊడిపోగా పార్టీలో మిగిలింది నేనూ, డాబా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. నిన్న పొద్దున్నే చేపల మార్కెట్‌కు పోయి శంకరవ్వ ముందు కూర్చుని, పొలుసున్న చేపే కావాలి అంటే ఆమె నావైపు జాలిగా చూసి, నున్నటి వాలుగను తోక పట్టి ఎత్తి, "పొలుసెందుకు బిడ్డా, గీకలేక సస్తవ్, గిది సూడు, అద్దం లెక్కుంది" అంది. వద్దు శంకరవ్వా, పొలుసే కావాలి అన్నాను. "పొలుసు తింటరా ఏంది మీరు?" అని పక్కామెతో కలిసి నవ్వింది. ముప్పై ఏళ్ళకు దగ్గరబడుతున్నాను, బడిలో లెక్కలు చెబుతాను, చేపల మార్కెట్లో నవ్వులపాలయ్యాను, ఎవరి కోసం అంటే ఫోను ఆపేసుకుని ఇంట్లో కూర్చున్న మహారాణి కోసం.

కింద బాపమ్మ కొర్రమీను ముక్కలు వేయిస్తోంది, కారం ఘాటు డాబా దాకా వస్తోంది, చెవులు సరిగ్గా వినబడవు కానీ చెయ్యి మాత్రం ఇంకా పొరపడదు. మా బాపమ్మ మగ్దలేనమ్మది వేరే బాధ. ఈ క్రిస్టియన్ కాలనీలో మా మెథడిస్టు చర్చి మొదటి వరుసలో యాభై ఏళ్ళుగా కూర్చున్న మనిషికి, అబ్రాహాము ఇంటి ఆడబిడ్డ మన డాబా ఎక్కుతోంది అంటే ఆగుతుందా? స్త్రీల సమాజం నుంచి నలభై మందిని చూడ్డానికి పిలిచింది. చూడ్డానికా, అదేమన్నా ఎగ్జిబిషనా బాపమ్మా అని నేను ఇల్లిల్లూ తిరిగి ఆ నలభై మందినీ వద్దని వచ్చాను. పెళ్ళికొడుకు పేరు సంసోను అని, బైబిల్లో బలమంతా జుట్టులోనే ఉన్న వీరుడి పేరేనని తెలిసిన రోజు బాపమ్మ సియోనా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, ఏమన్న చెయ్యి గాని ఆ పిలగాని జుట్టు జోలికి మాత్రం పోకు" అంది, సియోనా నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. పెళ్ళిలో గాజు గ్లాసు కాలికింద పెట్టి పగలగొడతారంటే, "శుభమా అని పెండ్లి చేసుకుంట పలగ్గొట్టుడేంది?" అని రెండు రోజులు గొణిగింది, ఎంత సంతోషంలో ఉన్నా విరిగిపోయినదాన్ని యాది మరవొద్దని అట్లా చేస్తారు బాపమ్మా అని సియోనా చెప్పాక మాత్రం గోడ మీది మా తాత ఫొటో దించి తుడుస్తూ కూర్చుంది, ఆయన పోయి ఆరేళ్ళు. ఇక మా అన్న జాన్సన్. అడగలేదు, చెప్పలేదు, సీయోను కుమారికి స్వాగతం అని బైబిలు భాషలో ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కొట్టించాడు, అందులో పెళ్ళికూతురి ఫొటో ఎంతుందో మూలన చేతులు జోడించుకున్న వీడి ఫొటో అంతుంది. దాని మీదకు ఒక ఫోకస్ లైటు. డాబా చుట్టూ సీరియల్ బల్బులు. మూల మీద చర్చి వాళ్ళ పాత డీజే డబ్బా, దానికి పాటలు తగిలించి, జర టెస్టింగ్ చెల్లే, ఐస్ పట్టుకొస్త అని పోయిన మనిషి ముప్పావు గంటయినా పత్తాలేడు. ఆ డబ్బా డాబాను అదరగొడుతోంది, కుర్చీలు వాటంతటవే జరుగుతున్నాయి. తగ్గించొచ్చు. తగ్గించను. చప్పుడు ఆగితే నా గొంతే నాకు వినబడుతుంది, నిన్నటి గొంతు, దానికన్నా ఈ డబ్బా నయం.

ఆరూ యాభై. స్నిగ్ధ మెసేజీ, ఆసుపత్రి డ్యూటీ దిగిందట, ఏడున్నరకల్లా వస్తుందట, పెళ్ళికూతురు అని రాసిన శాటిన్ పట్టీ, కిరీటం తెస్తోందట, ఎరుపా గులాబీయా అని ఫొటోలు. రుచిత హుస్నాబాద్ నుంచి బస్సెక్కింది, సియోనా లేచిందా అని అడుగుతోంది, నిద్రపోతున్నట్టు! దీనికి ఏమని రాయాలి? అది నాతో మాట్లాడుతుందో లేదో నాకే తెలియదు రుచితా, నీ కిరీటం ఎవరి నెత్తిన పెట్టాలో నాకు తెలియదు స్నిగ్ధా. ఏమీ రాయలేదు. బొటనవేలు గుర్తు ఒకటి పంపాను. మబ్బు కొంచెం జరిగినట్టుంది. జరిగిన చోట ఏముంది? ఇంకో మబ్బు.

ఏడో తరగతిలో అది మా క్లాసుకు వచ్చిన రోజు పేరు విని అందరం మావాళ్ళే అనుకున్నాం. తండ్రి మోజెస్ అంకుల్, బొంబాయి కంపెనీ తరపున కరీంనగర్ గ్రానైటు బండలు చూసి ముద్ర వేసే ఉద్యోగం, తల్లి రూబీ ఆంటీ. పేర్లు మావే, పాత నిబంధన మాదే, ఇంట్లో శిలువ మాత్రం లేదు, ఇదేంటని నాకు తెగ ఆశ్చర్యం. సండే స్కూల్లో పది ఆజ్ఞలు తప్పు లేకుండా అప్పజెప్పి స్టీలు గిన్నె బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను, వాళ్ళు శనివారం పనులు ఆపేస్తారని తెలిసి నేరుగా వాళ్ళ వంటింట్లోకే పోయి, ఆంటీ, మీరు ఒకరోజు ముందే సెలవు తీసుకుంటున్నారు, విశ్రాంతి దినం ఆదివారం అని చెప్పాను. ఆంటీ నవ్వితే కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. నన్ను పీట మీద కూర్చోబెట్టి, కిస్మిస్‌లు నానబెట్టి పిండిన రసం గ్లాసులో పోసి, తన మరాఠీ తెలుగులో చెప్పింది. వాళ్ళ తాతల తాతలు కొంకణ్ ఊళ్ళల్లో గానుగ తిప్పి నూనె తీసేవాళ్ళట. ఎక్కడి నుంచి వచ్చారో మర్చిపోయారట, ప్రార్థనలు మర్చిపోయారట, పుస్తకాలు సముద్రంలో పోయాయట, శనివారం గానుగ ఆపడం ఒక్కటే మర్చిపోలేదట. ఊరివాళ్ళు శనివారం గానుగోళ్ళు అని పిలిచేవాళ్ళట. అదొక్కటీ పట్టుకుని ఉన్నందుకే మేం ఇంకా మేమే బేటా, అంది. నాకేమర్థమైంది? కిస్మిస్ రసం తియ్యగా ఉందని అర్థమైంది. ఇంకో గ్లాసు అడిగాను.

ఇంటర్‌లో నాకు స్కూటీ కొన్నారు. ఇక శనివారాలు మావి. మంకమ్మతోటలో వాళ్ళ సందు చివర ఇస్త్రీ బండి దగ్గర, మధ్యాహ్నం రెండింటికి, ఇంజను ఆపేసి నేను నిలబడేదాన్ని, ఆంటీ మధ్యాహ్నం నడుం వాల్చగానే ఇది చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చేది. సినిమా, డ్యాం కట్ట, కాలేజీ ఎదురుగా బిర్యానీ, పెరుగు చట్నీతో సహా, వేళ్ళు నాక్కుంటూ తిన్నదే! ఆరింటికి మళ్ళీ ఇస్త్రీ బండి దగ్గర దింపేదాన్ని. రెండేళ్ళు ఆంటీని భలే బోల్తా కొట్టించామనుకున్నాం. ఒకనాడు నేను వాళ్ళింటికి పోతే ఆంటీ కొబ్బరిపాల హల్వా గిన్నెలో పెట్టి ఇస్తూ, ఏమీ ఎరగనట్టే, "ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోండి బేటా, శనివారం రోడ్డు మీద లారీలు ఎక్కువ" అంది. అంతే. తిట్టలేదు, అడ్డం నిలబడలేదు. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని, ఇంట్లో తను ఒక్కతే శనివారాన్ని కాపలా కాసింది. అంకుల్‌కు బండల లోడింగు, కూతురికి నా స్కూటీ. ఆ ఇంట్లో శనివారం అంటే ఆంటీ ఒక్కతే. అందుకే ఆంటీ పోయాక శనివారం కూడా పోయిందని నేను అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. అనుకోరా?

అనుకోరు. రెండేళ్ళుగా శనివారాలు అది దొరకడం లేదు కదా. స్విచ్ఛాఫ్. ఇంటికి వస్తానంటే ఇవాళ వద్దులే అనేది. నేనేమనుకున్నాను, ఠాణా సంసోనుతో ముచ్చట్లలో పడి నన్ను మర్చిపోయిందనుకున్నాను, లోపల లోపల కుళ్ళుకున్నాను, ఆదివారం చర్చిలో కూర్చుని కూడా అదే ఉడుకు. ఫోను స్విచ్ఛాఫ్ చేసుకున్న మనిషి ఎవరితో ముచ్చట్లు పెడుతుంది మహిమా? పిల్లలకు లెక్కలు చెబుతావు, ఆ ఒక్క లెక్క నీకు రాలేదు.

నిన్న సాయంత్రం ఆరింటికి, చేపల మార్కెట్ కోపం ఇంకా ఆరనే లేదు, గోళ్ళ వినోద రద్దు చేసినందుకు దులిపేసింది, జాన్సన్ ఫ్లెక్సీ అప్పుడే చూశాను, అప్పుడు ఫోను చేసి, చుక్కలు వచ్చాక బయల్దేరితే ఎనిమిదవుతుంది కదనే, ఒక్క రోజు ఆరింటికే రాలేవా, ఆటో నేనే పంపుతా, నువ్వు ఊరికే కూర్చోవడమే, స్విచ్చి కూడా ముట్టనక్కర్లేదు అన్నాను. "కాదు మహీ," అంది. ఒక్క మాట. బతిమాలలేదు, కారణం చెప్పలేదు. దీపం వేళయిందని పెట్టేసింది. పెట్టేసిందే! నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. వాయిస్ మెసేజీ పెట్టాను. ముప్పై ఎనిమిది సెకన్లు. నిన్న రాత్రి నుంచి ఎన్నిసార్లు విన్నానో. "అబ్బో, శనివారమట శనివారం! ఇంటర్ల నా స్కూటీ ఎన్కకు కూసున్ననాడు యాడికి పోయిందే నీ శనివారం? పెరుగు చట్నీల బిర్యానీ అద్దుకొని తిన్ననాడు యాడికి పోయింది? గిప్పుడు ఠాణా అత్తగారికి సూపెట్టెటందుకు గీ నాటకాలన్ని. మీ అమ్మ బతికున్నప్పుడు ఒక్కనాడన్న చేసినవా?" గుర్తులు రెండూ నీలం అయ్యాయి. విన్నది. చివరి మాట దాకా విన్నది. తర్వాత ఫోను ఆగిపోయింది. సూర్యుడు కూడా, సరిగ్గా అప్పుడే, పోయాడు. ఆ తర్వాత నేను పంపినవన్నీ, తప్పయిందే, కోపంలో అన్నానే, ఒక్కసారి తీయవే, అన్నీ ఒంటి గుర్తుతో అలాగే నిలబడి ఉన్నాయి, ఇరవై నాలుగు గంటలు దాటింది. మంచి మాటలన్నీ గడప బయట ఉన్నాయి. ఆ ఒక్క చెడ్డ మాట మాత్రం దాని ఇంట్లో, దాని దగ్గర, దీపం ముందు కూర్చుని ఉంది.

ఏడయింది. మీ అమ్మ బతికున్నప్పుడు. ఎట్లా అన్నాను? అదీ నేను. ఆ రోజు పక్కన ఉన్నది నేనే కదా. రెండేళ్ళ కింద, ఆంటీ ఆసుపత్రిలో శుక్రవారం మధ్యాహ్నం పోయింది, ఇంటికి తెచ్చేసరికి దీపం వేళయింది. ఇక్కడ వాళ్ళకు శ్మశానం లేదు, ఠాణా తీసుకుపోవాలి, శనివారం మాత్రం కదిలించకూడదు. తెల్లారి నుంచి మంకమ్మతోట ఇంటి ముందు జనం, ఇంకా ఎందుకు ఉంచారు, మనిషిని ఇంతసేపు ఉంచుతారా అని ఒకటే సణుగుడు, అంకుల్ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. మా బాపమ్మ గడపలో పీట వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళతోనూ, "వాళ్ళ దినం అయిపోయేదాక ఆగుండ్రి, దేవుడే ఆగిండు, మీకేం తొందర?" అంది. సాయంత్రం సియోనా నన్ను వెనక గది కిటికీ దగ్గరకు లాక్కుపోయింది, నువ్వు చూడు, నాకు కళ్ళు ఆనడం లేదు అంది, ఏడ్చి ఏడ్చి దాని కళ్ళు బంతుల్లా ఉన్నాయి. నేనే చూశాను. మొదటిది చూసి చెప్పాను. రెండోది చూసి చెప్పాను. మూడోది విద్యుత్ తీగ పక్కన సన్నగా కనబడింది. చెప్పలేదు. చెబితే అంబులెన్సు వాళ్ళు లోపలికి వస్తారు, ఆంటీని ఎత్తుతారు. దాని చెయ్యి నా చేతిలో ఉంది. ఒక పది నిమిషాలు, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఆంటీ ఈ ఊరికి రాలేదు. ఆ రోజు చుక్కలు లెక్కపెట్టిన కళ్ళు ఇవే, నిన్న ఆ మాట అన్న నోరూ ఇదే. దానికి నా మీద ఎంత అసహ్యం వేసి ఉంటుందో. రాదు. నేనైతే రాను.

ఏడూ పది. చుక్కల్లేవు, దాని ఫోను లేదు, బెల్లు లేదు. కోతుల భయానికి గేటుకు లోపల గొళ్ళెం, ఎవరొచ్చినా బెల్లు కొట్టాల్సిందే, ఆ బెల్లు చప్పుడు ఈ మోతలోనూ వినబడేలా మొన్ననే కొత్తది పెట్టించాను, అదీ సియోనా కోసమే. అసలు ఈ ఆకాశంలో చుక్కలు ఎలా కనబడతాయి? ఫోకస్ లైటు కళ్ళల్లో పొడుస్తోంది. ఎటు చూసినా నేను కట్టించిన బల్బులే, ఎర్రవీ పచ్చవీ, వెలగడం ఆరడం, వెలగడం ఆరడం, ఫ్లెక్సీలో జాన్సన్ చేతులు జోడించి పళ్ళికిలిస్తున్నాడు. చుక్కలు లేవు లేవు అని అరగంట నుంచి ఆకాశాన్ని తిడుతున్నాను, పొడిచాయో లేదో నాకేం తెలుసు, నా లైట్లు నన్ను చూడనిస్తేగా! ఒళ్ళు మండిపోయింది. పార్టీ మీద, నా మీద, జాన్సన్ పళ్ళ మీద. విసురుగా మెట్లు దిగాను, మలుపులో ఉన్న బోర్డు తలుపు తెరిచి, మొత్తం ఇంటి మెయిన్ స్విచ్చి లాగి కిందికి దింపేశాను. బల్బులు పోయాయి. జాన్సన్ పోయాడు. డీజే డబ్బా మాట మధ్యలో గొంతు పట్టినట్టు ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దం! చేపలు చిటపటలాడడం వినబడింది. తర్వాత, గేటు బయటి నుంచి, బొంగురుపోయిన గొంతు.

"మహీ. ఓ మహీ. ఎంతసేపు పిలవాలెనే నిన్ను?"

ఎలా దిగానో, గొళ్ళెం ఎలా తీశానో. గేటు పక్క దిమ్మె మీద కూర్చుని ఉంది. చేతిలో పర్సు లేదు, ఫోను లేదు, కాళ్ళ నిండా బురద. "ఎప్పుడొచ్చినవే?" అన్నాను, ఇంకేం అనాలో తెలియక. "వెల్తురుండంగనే వచ్చిన. బెల్లు నొక్కరాదు కదా. గొంతు పోయేదాక ఒర్రిన. నీ డబ్బా మన్నుగాను." మంకమ్మతోట నుంచి నడిచి వచ్చింది. "చుక్కలు ఇంక రాలేదు కదనే," అన్నాను వెర్రిదానిలా. "బండెక్కొద్దన్నరు గాని నడువొద్దని ఎవలన్నరు?" అంది. నేను నడక గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆటో, రిసార్టు, స్కూటీ, ఇవే నా తలకాయలో. పక్కన కూర్చున్నాను. "తప్పయిందే సియోనా," అన్నాను. ఆ ఒంటి గుర్తు మెసేజీలు అన్నింటిలోనూ ఉన్నది ఈ ఒక్క మాటే.

అది కాసేపు బురద కాళ్ళు చూసుకుంది. "నువ్వన్నది అబద్ధమైతే ఊకుందును," అంది. "నిజమే కదా. అమ్మ ఉన్నప్పుడు ఒక్కనాడు చెయ్యలే. ఒక్క శుక్రవారం పక్కన నిలవడలే. గందుకే గిప్పుడు చేస్తున్న. గిందుల సంసోను లేడు, అత్తగారు లేదు. వాళ్ళింట్ల గింత పట్టింపు కూడా లేదు. ఆ దీపం ఆగిపోతే అమ్మ మల్లొకసారి పోయినట్టు అయితదని." కాలి బురద నేలకు రాసింది. "రాత్రంత నీ మాటే ఇనవడ్డది. మస్తు కోపమొచ్చింది. కోపమొస్తే చెప్పుకునేటందుకు నువ్వే యాదికొస్తవ్. నీ మీద కోపం నీకు చెప్పుకోకుండ ఇంకెవలికి చెప్పాలె? గందుకే నడిచొచ్చిన." నాకు ఏడుపొచ్చింది, దానికి నవ్వొచ్చింది, తర్వాత అది ఏడ్చింది, నేను ముక్కు చీదాను, స్నిగ్ధ వచ్చి చూస్తే పార్టీ మొదలైపోయిందనుకునేది.

"ఏందే, కరెంటు వోయిందా?" వంటింట్లోంచి బాపమ్మ. పక్క ఇళ్ళల్లో లైట్లు వెలుగుతున్నాయి కదా అని ఆమె అనుమానం. "వోలే బాపమ్మా, నేనే తీసేసిన," అని గట్టిగా అరిచాను. "ఏస్తవా మరి? చీకట్ల చేపలు మాడుతున్నయ్!" స్విచ్చి కోసం లేవబోయి ఆగాను. పక్కన కూర్చున్నదాని శనివారం ఇంకా అయిపోలేదు. "జరసేపు ఆగు బాపమ్మా," అన్నాను. ఇద్దరం చీకట్లో మెట్లు తడుముకుంటూ డాబా మీదకు పోయాం. ఫ్లెక్సీ దానికి కనబడక నేను బతికిపోయాను, కనబడి ఉంటే నన్ను అక్కడికక్కడే చంపేది. మబ్బు చీలింది. చర్చి వైపు ఒకటి. "ఒకటి," అంది. నీళ్ళ ట్యాంకు పైన ఇంకొకటి. "రెండు," అన్నాను. దాని చెయ్యి నా చేతిలో ఉంది, ఆ రోజులాగే, కాకపోతే ఈ రోజు నా వేళ్ళకు చేపల వాసన.

"ఆనాడు," అంది ఆకాశం చూస్తూనే, "మూడోది నీకు కనవడ్డది కదా?" నేను తల ఊపాను. "నాకు కూడ కనవడ్డదే. కండ్లు ఆనుతలేవని అబద్ధం చెప్పిన. నువ్వు చెప్తలేవు, నేను అడుగుతలేను. గా పది నిమిషాలు మా అమ్మ ఇంట్లనే ఉండె."

ఎనిమిది రోజులు. ఆ తర్వాత దాని శనివారాలు ఠాణాలో పొద్దుగూకుతాయి, నేను ఇక్కడ చుక్కలు చూసి అక్కడ ఫోను తెరిచి ఉంటుందిలే అనుకోవాలి. విద్యుత్ తీగ పక్కన, మబ్బు అంచున, సన్నగా ఒకటి మెరిసింది. దాని వేళ్ళు నా వేళ్ళ మీద బిగిశాయి. వీధిలో ఆటో ఆగింది, స్నిగ్ధ గొంతు, గేటు దగ్గర బెల్లు నొక్కి నొక్కి ఇదేంటి మోగదు అని తిట్టుకోవడం. కింద నుంచి బాపమ్మ మళ్ళీ కేక వేసింది.

"మూడు కనవడ్డయా బిడ్డా?"

"ఇంక లేదు బాపమ్మా," అన్నాం ఇద్దరం ఒక్కసారే.